ఇరుపక్షములకు ఒకే గ్రంథము

కోర్టునకు వెళ్లినవారు న్యాయాధిపతిని చూతురు, ప్లీడర్లను చూతురు, కేకవేయు బంట్రోతును కూడ చూతురు. ఆ ప్లీడరు ఏ పాత తీర్పును చూపి వాదించుచున్నాడో ఆ తీర్పున్న పుస్తకమును భద్రపరచి, వేళకు అతని చేతికిచ్చినవారిని మాత్రము ఎవరును చూడరు. అట్టివారిలో ఒకామెను ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

ఆమె పేరు మేరియన్ గౌల్డ్ గాలగర్. అమెరికా దేశపు వాయవ్య మూలనున్న వాషింగ్టను రాష్ట్రములో 1914లో జన్మించిరి. రాజధానియైన వాషింగ్టను నగరము వేరు, ఈ రాష్ట్రము వేరు. 1937లో న్యాయశాస్త్రములో పట్టము పొందిరి. ప్లీడరుగా పేరును ధనమును సంపాదించుకొనదగిన చదువు అది. అయినను 1939లో గ్రంథాలయ విద్యలో కూడ పట్టము పొంది, యూటా విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర గ్రంథాలయములో పనికి చేరిరి. 1944లో సియాటిల్ పట్టణమునకు, తాము చదివిన విశ్వవిద్యాలయమునకే తిరిగి వచ్చి, 1981 వరకు, అనగా 37 ఏండ్లు, అక్కడి న్యాయశాస్త్ర గ్రంథాలయమును నడిపిరి.

పుస్తకములు కాచుటలో కష్టమేమి, దుమ్ము దులిపిన చాలదా అని మనలో కొందరనుకొనవచ్చును. చట్టము ఏటేట మారును. నిన్నటి తీర్పును నేడు పై కోర్టు కొట్టివేయును. కొట్టివేయబడిన తీర్పును నమ్ముకొని వాదించినవాని గతి ఏమగును? ఈ చిక్కు తీర్చుటకే 1873లో షికాగో నగరమున ఫ్రాంక్ షెపర్డ్ అను నతడు, ఏ తీర్పును గూర్చి తరువాతి ఏ తీర్పులో ప్రస్తావన వచ్చినదో చిన్న జిగురు కాగితములమీద అచ్చువేసి అమ్మసాగెను. ప్లీడర్లు వాటిని తమ పుస్తకములలో అంటించుకొనిరి. పిమ్మట అవియే పెద్ద సంపుటములాయెను. అక్కడి చట్టపు పుస్తకములు అనేకమునకు వెనుక అట్టలోపల జేబువంటి అర యుండును. ఆ సంవత్సరపు మార్పులను తెలుపు చిన్న పుస్తకమును తెచ్చి అందులో దోపవలెను. మరికొన్నిటికి కుట్టే యుండదు. పాత పుట తీసివేసి కొత్త పుట చేర్చవలెను. ఒక్క పుట తప్పు చోట చేరినయెడల దాని ఫలము ఎవరి పొలముమీదనో, ఎవరి ప్రాణముమీదనో పడవచ్చును. నేడు ఈ వెదకులాట చాలవరకు కంప్యూటరు చేయుచున్నది. గాలగర్ గారి కాలములో అది చేతిపని, కంటిపని.

ఇక మనలను తొందరపెట్టు ప్రశ్న ఒకటి కలదు. ఉదయము వాది తరపువాడు వచ్చి ఒక పుస్తకమడుగును, మధ్యాహ్నము ప్రతివాది తరపువాడు వచ్చి అదే పుస్తకమడుగును. గ్రంథాలయములోని వారు ఇద్దరికిని ఇచ్చెదరు. ఒకడు విధవరాలి భూమిని కాజేయ జూచుచున్నాడని తెలిసినను ఇయ్యవలసినదేనా? ఇది ధర్మమా, లేక చేతులు కడిగికొనిన పిలాతు పనియా?

మొదట మాకును ఇది కఠినముగానే తోచెను. కాని ఆ పుస్తకములకు కావలియున్నవారే ఎవరు నీతిమంతులో తేల్చి, తమకు నచ్చనివారికి తలుపు వేసినయెడల, కోర్టుకంటె ముందు మరియొక కోర్టు బయలుదేరును. దానికి సాక్షులు లేరు, అప్పీలు లేదు. మన పల్లెలలో పూర్వము కరణము దఫ్తరము తెరపించుటకు ఏమేమి ముట్టజెప్పవలసి వచ్చెడిదో పెద్దలకు తెలియును. బీదవాని పక్షపాతమైనను గొప్పవాని పక్షపాతమైనను తీర్పులో కూడదని లేవీయకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది గదా.

అయినను మా మనస్సు పూర్తిగా నెమ్మదిపడలేదు. ధనవంతునికి పుస్తకమును చదువగల ప్లీడరు ఉన్నాడు. బీదవాడు ఒంటరిగా వచ్చును. ప్రజలకు తెరచియున్న న్యాయశాస్త్ర గ్రంథాలయములలో పనిచేయువారు అతనికి పుస్తకము చూపవచ్చును గాని, నీవు ఇట్లు వాదించుమని సలహా చెప్పరాదు. ఇద్దరికిని సమానముగా ఇచ్చినను ఇద్దరికిని సమానముగా ముట్టదు. ఈ లోటును పుస్తకములు తీర్చలేవు. ఓపికతో దగ్గర నిలిచి, ఎక్కడ వెదకవలెనో, ఎట్లు వెదకవలెనో నేర్పు మనుష్యులు కావలెను. గాలగర్ గారు తమ ఆయుష్కాలములో అధికభాగము అట్టి మనుష్యులను సిద్ధపరచుటకు వెచ్చించిరి. న్యాయశాస్త్రము చదివినవారు ఏటేట కొద్దిమంది ఆమెయొద్ద ఈ పని నేర్చుకొని, దేశమంతట గ్రంథాలయములకు పెద్దలైరి. వారికి మేరియన్ లైబ్రేరియన్లు అను పేరు వచ్చెను. పదవి పేరుతో గాక గురువు పేరుతో పిలువబడుట ఎంత ప్రేమకు గురుతు! 1954-55లో ఆమె అమెరికా న్యాయశాస్త్ర గ్రంథాలయముల సంఘమునకు అధ్యక్షురాలుగా నుండిరి. 1989లో కాలధర్మము చెందిరి. సియాటిల్‌లోని ఆ గ్రంథాలయము నేడు ఆమె పేరు ధరించియున్నది.

ఎజ్రా గ్రంథము నాలుగవ అధ్యాయములో యూదుల శత్రువులు రాజునకు ఉత్తరము వ్రాసి, పూర్వపు దస్తావేజులు వెదకించుమనిరి. వెదకగా, యెరూషలేము తిరుగుబాటు చేసిన పట్టణమని కనబడెను; పని ఆగిపోయెను. ఆరవ అధ్యాయములో దర్యావేషు కాలమున మరల వెదకిరి. ఈసారి మందిరము కట్టవచ్చునని కోరెషు ఇచ్చిన ఆజ్ఞ దొరికెను. రాజు సొమ్ములోనుండి ఖర్చులు కూడ ఇప్పించిరి. మొదటి దస్తావేజును దాచలేదు, రెండవదానిని చింపలేదు. వాటిని వెదకి తెచ్చినవారి పేర్లు ఎజ్రా గ్రంథములో లేవు.