హన్నా కుట్టిన చిన్న అంగీ

ధ్యాన భాగము: 1 సమూయేలు 1వ అధ్యాయము, 2:18–21



మన సంఘములలో ఒక మంచి వాడుక కలదు. ఆ వారములో పుట్టినదినము గాని పెండ్లిదినము గాని వచ్చినవారు ఆదివారపు ఆరాధనలో ముందుకు వచ్చి కృతజ్ఞతకానుక సమర్పింతురు. కాపరి వారికొరకు ప్రార్థించును, సంఘమంతయు ఆమేన్ అనును. పిల్లలు పరుగున వత్తురు, పురుషులును వత్తురు. కాని ఆ పిల్లలకు స్నానము చేయించి, క్రొత్తబట్టలు తొడిగి, కానుకడబ్బు చేతిలో పెట్టి పంపిన తల్లి మాత్రము తన దినము వచ్చినప్పుడు అనేకమారులు చాపమీదనే కూర్చుండిపోవును. ఆమె దినము ఏదో ఇంటివారికే జ్ఞాపకముండదు.

అట్టి యొక తల్లిని గూర్చి ఈ మాసము ఆలోచింతము. ఆమె పేరు చెప్ప నక్కరలేదు. కట్టంగూరులోనైనను, నకిరేకల్ వైపు పోయినను, నార్కెట్‌పల్లి వైపు పోయినను, ఏ పల్లె సంఘమునందైనను ఆమె యున్నది. కొలది దినములలో ఆమెకు ముప్పది యేండ్లు నిండును. ఇద్దరు బిడ్డల తల్లి. పత్తి ఏరుకాలమున తెల్లవారకమునుపే వంటచేసి చేనికి పోవును. నాట్లకాలమున పొలములో వంగి యుండును. బిడ్డను తొట్టెలలో వేసిన దినము, మొదటి పుట్టినదినము, ఆడబిడ్డ పెండ్లి, క్రిస్మసు, ఇవన్నియు ఆమె చేతిమీదుగానే జరిగినవి. అందరును పండుకొనిన తరువాత ఆమె తనలో తాను అనుకొనును: “ముప్పది యేండ్లు వచ్చినవి. నేనేమి చేసితిని? ఇది నాదని చూపుటకు ఏమున్నది?” ఇది చిన్న ప్రశ్న కాదు. దేవుని వాక్యమునందు దీనికి జవాబు కలదు.

పండుగనాడు ఏడ్చిన స్త్రీ

ఎల్కానా ఏటేట తన కుటుంబముతో షిలోహునకు వెళ్లి దేవుని ఆరాధించుచుండెను. అది ఇంటిల్లిపాదికిని పండుగ. కాని హన్నాకు ఆ దినమే అన్ని దినములకంటె కష్టమైన దినము. ఆమెకు బిడ్డలు లేరు. పెనిన్నా తన బిడ్డలను చుట్టు కూర్చుండబెట్టుకొని హన్నాను మాటలతో పొడుచుచుండెను. హన్నా ఏడ్చెను, అన్నము ముట్టలేదు.

ప్రియులారా, మన ఇండ్లలో తొట్టెల పండుగకు, పుట్టినదినమునకు పదిమందిని పిలుచునప్పుడు ఈ సంగతి మరువకూడదు. ఆ పదిమందిలో బిడ్డలులేని చెల్లెలు ఒకతె యుండవచ్చును. బిడ్డను మట్టిలో పెట్టిన తల్లి యుండవచ్చును. “నీకెప్పుడమ్మా?” అని నవ్వుచు అడిగిన మాట ఆమెకు ముల్లగును. మన సంతోషము పెనిన్నా సంతోషము వంటిది కాకుండ చూచుకొందము. హన్నా కన్నీరును మనుష్యులు సరిగా చదువలేకపోయిరి. యాజకుడైన ఏలీ సహితము ఆమె మత్తులో నున్నదనుకొనెను. దేవుడు మాత్రము ఆమెను ఎరిగియుండెను.

ఏటేట ఒక అంగీ

సమూయేలు పుట్టెను. పాలు విడిచిన తరువాత, మ్రొక్కుకొన్న ప్రకారము తల్లి అతని మందిరమునకు తెచ్చి అప్పగించెను. అది మొదలుకొని ఏటికొకమారు, భర్తతోకూడ బలి అర్పించుటకు వెళ్లునప్పుడు, ఆమె తన చేతితో చేసిన చిన్న అంగీని కుమారునికి తీసికొనిపోవుచుండెను. అంగీ యనిన ఏమో మన తెలంగాణా ఇండ్లలో ఎవరికిని వివరింప నక్కరలేదు. ఆ అంగీ రంగేమిటో, ఖరీదెంతో వాక్యము చెప్పలేదు. తల్లి చేసెననియు, ఏటేట తెచ్చెననియు మాత్రమే చెప్పినది.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. బిడ్డ ఆమె యెదుట లేడు. కొలత తీసికొనుటకు భుజము లేదు, చెయ్యి లేదు. పోయిన యేడు చూచినప్పుడు ఎంతవాడో, ఇప్పుడెంత పెరిగియుండునో ఆమె మనస్సులోనే లెక్కించుకొనవలెను. సంవత్సరమంతయు బిడ్డను తలంచని తల్లికి ఆ కొలత దొరకదు. కాబట్టి ఆ అంగీలోని ప్రతి కుట్టు వెనుక ఒక తలంపును, ఒక ప్రార్థనయు ఉండెననుకొనుట తప్పు కాదు.

హాస్టలులో బిడ్డను విడిచివచ్చిన తల్లులు దీనిని బాగుగా గ్రహింతురు. సెలవుదినమున గరిజెలు, సకినాలు డబ్బాలో కట్టుకొని, బస్సెక్కి వెళ్లి, బిడ్డను చూడగానే మొదట చూచునది ఏమి? చొక్కా చేతులు పొట్టివైనవా, చెప్పులు ఇరుకైనవా అనియే. హన్నా కన్నులును అట్లే చూచి యుండవలెను.

మరియొక సంగతి. తరువాత దేవుడు హన్నాకు ముగ్గురు కుమారులను, ఇద్దరు కుమార్తెలను ఇచ్చెను. ఇంటి పని ఎంత పెరిగియుండునో ఊహించుకొనుడి. దూరముగానున్న బిడ్డకు అంగీ చేసిన ఈ తల్లి ఇంటిలో ఐదుగురిని పెంచిన తల్లియు ఆయెను. ఆమె సైన్యము నడపలేదు, సింహాసనమెక్కలేదు. అయినను ఇశ్రాయేలునకు ప్రవక్తయై, రాజులను అభిషేకించిన సమూయేలు తన చిన్నతనమున ధరించినది ఆమె చేతిపనియే.

ఇద్దరు రాజుల పుట్టినదినములు

పుట్టినదిన విందులను గూర్చి బైబిలు ప్రత్యేకముగా చెప్పినవి రెండు. ఒకటి ఐగుప్తు రాజైన ఫరోది (ఆదికాండము 40). ఆ దినమున రొట్టెలు చేయువారి అధిపతిని వ్రేలాడదీసిరి. రెండవది హేరోదుది (మార్కు 6). ఆ విందులో బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్లెములో వచ్చెను. హేరోదు దుఃఖపడెను, యోహానును చంపుట అతనికి ఇష్టము లేదు. అయినను పిలిచినవారి యెదుట మాట పోవునని వెనుకకు తగ్గలేకపోయెను.

పిలిచినవారి యెదుట సిగ్గు! ఈ సిగ్గు నేడు మన పల్లెలలోను ఇండ్లను చెరుపుచున్నది. బిడ్డకు ఏడాది నిండినదని రోడ్డు ప్రక్క ఫ్లెక్సీ, టెంటు, డీజే, మూడంతస్తుల కేకు, వందమందికి బిర్యాని. చేతిలో డబ్బు లేదు, మిత్తికి తెత్తురు. “వాళ్లింట్లో అంత చేసిరి, మనము తక్కువ చేసిన నలుగురేమందురు?” అందురు. కేకు ఒక పూటలో అయిపోవును, మిత్తి మాత్రము పత్తి అమ్మినను తీరదు. ఆ అప్పు తీర్చుటకు ఎండలో కూలికి పోవునది మరల ఆ తల్లియే. ఆ బిడ్డ పేరట పండుగ చేసి, ఆ బిడ్డ పాలడబ్బు మిత్తికి కట్టుట న్యాయమా?

సంతోషించుట పాపమని నేను చెప్పుట లేదు. ఇస్సాకు పాలు విడిచిన దినమున అబ్రాహాము గొప్ప విందు చేసెను. మన ప్రభువు కానాలో పెండ్లివిందుకు వెళ్లెను. యోబు కుమారులు వంతులవారీగా తమ ఇండ్లలో విందుచేసి అక్కచెల్లెండ్రను పిలుచుచుండిరి. అయితే యోబు ఏమి చేసెను? విందుదినములు గడవగానే తెల్లవారుజామున లేచి, ఒక్కొక్కరి నిమిత్తము బలి అర్పించుచుండెను. పండుగ మరునాడు పొద్దున బిడ్డలకొరకు లేచిన తండ్రి అతడు. మన పండుగల మరునాడు మనమెట్లు లేచుచున్నాము? ప్రార్థనకా, అప్పులవాని పిలుపునకా?

చేతిపని సాక్ష్యము

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురునకు ఏమి చూపిరో జ్ఞాపకము తెచ్చుకొనుడి (అపొస్తలుల కార్యములు 9). ఆమె కుట్టియిచ్చిన అంగీలను, వస్త్రములను చూపి ఏడ్చిరి. ఆమె గుణమును చెప్పుటకు వారికి వేరే మాట అక్కరలేకపోయెను.

మన ఇండ్లలోను అట్టివి గలవు. అవ్వ పాతచీరలను పొరలుపొరలుగా పరచి కుట్టిన బొంత ఉన్నది. దానిలో ఏ ముక్క ఎవరి చీరదో ఆమె చెప్పగలదు. చంటిబిడ్డకు అల్లిన ఊలు టోపీ ఉన్నది. క్రిస్మసునకు వెదురుపుల్లలు కట్టి, రంగుకాగితమంటించి పిల్లలు చేసిన నక్షత్రమున్నది. అంగడిలో నక్షత్రము దీనికంటె నునుపుగా నుండును. కాని దానికి మన బిడ్డ వ్రేళ్లకంటిన మైదాజిగురు లేదు.

చేతిపనిలో ఎంత కష్టముండునో నేతగాండ్రున్న మన ప్రాంతమునకు తెలియును. ఆలేరు దగ్గరి శారాజీపేట పూర్వము మన నల్గొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. అక్కడ చింతకింది మల్లేశం అను నేతకుటుంబపు కుమారుడు తల్లి లక్ష్మి ఆసు పోయుట చూచుచు పెరిగెను. ఒక్క చీరకు నూలును మేకుల చుట్టు త్రిప్పుటకు చెయ్యి సుమారు 9000 సార్లు ఇటు అటు ఆడవలెను. తల్లి భుజము నొప్పిని అతడు కండ్లార చూచెను. ఏండ్లకొలది ప్రయాసపడి 1999లో ఆ పనిచేయు యంత్రమును సిద్ధపరచి, దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమనెను. 2017లో ప్రభుత్వము అతనికి పద్మశ్రీ ఇచ్చెను. హన్నా బిడ్డ భుజము కొలత నెరిగి అంగీ కుట్టెను. ఈ కుమారుడు తల్లి భుజము నొప్పి నెరిగి యంత్రము చేసెను. ఎదుటివారి అక్కర నెరిగి చేసిన వస్తువే నిజమైన కానుక.

ముప్పది యేండ్లు

ఇప్పుడు, ముప్పది యేండ్లు నిండుచున్న అమ్మా, నీ ప్రశ్నకు వత్తము. యోసేపు ఫరో యెదుట నిలిచినప్పుడు ముప్పది యేండ్లవాడు. దావీదు రాజైనప్పుడు ముప్పది యేండ్లవాడు. లేవీయులలో కహాతీయులు గుడారపు సేవకు ముప్పదియవ యేట లెక్కింపబడిరి. మన ప్రభువు బోధింప మొదలుపెట్టినప్పుడు ఇంచుమించు ముప్పది యేండ్లవాడని లూకా వ్రాసెను. అంతకుముందు ఆయన ఎక్కడ నుండెను? నజరేతులో, ఒక వడ్లవాని ఇంట, తల్లికి లోబడి, చేతిపనిలో నుండెను. ఆ యేండ్లను గూర్చి సువార్తలు వ్రాసినది బహు కొద్ది. అవి వ్యర్థమైన యేండ్లని ఎవరు చెప్పగలరు?

నీ ముప్పది యేండ్లును అట్టివే. నీవు కట్టిన సద్దిమూటలు, రాత్రి కుట్టిన గుండీలు, జ్వరపు బిడ్డ ప్రక్కన మేల్కొన్న జాములు ఏ పుస్తకమునందును లేవు. హన్నా అంగీలు సహితము చినిగి పోయినవి. అయినను దేవుడు వాటిని తన గ్రంథములో వ్రాయించెను. నీవి ఆయన మరచునా? ముప్పది నిండినదనిన నీ పని ముగిసినదని కాదు. చదువుకొనగోరిన చదువు, స్త్రీల సమాజములో చేయగల సేవ, ఇరుగుపొరుగు బిడ్డకు నేర్పగల కుట్టుపని, ఇవి ఇంకను నీ ముందున్నవి.

ఇంటివారు చేయవలసినది

భర్తలారా, ఎల్కానా హన్నా దుఃఖమును చూచి, ఎందుకు ఏడ్చుచున్నావని అడిగెను. మీరును అడుగుడి. ఆమె పుట్టినదినము ఏదో తెలిసికొనుడి. ఆ దినమున ఆమెను ముందు కూర్చుండబెట్టి, మీ చేతితో అన్నము వడ్డించుడి. ఆ పూట అంట్లు మీరు తోముడి. దీనికి అప్పు అక్కరలేదు.

అత్తగార్లారా, కోడలు మీ ఇంటికి వచ్చి ఎన్ని యేండ్లాయెనో లెక్కించి, ఆమె చేసిన మేలొకటి పదిమందిలో చెప్పుడి.

బిడ్డలారా, మీ అమ్మకు కాగితముమీద మీ చేతివ్రాతతో ఒక మాట వ్రాసి యిండి. ఆమె చదువనేరని యెడల మీరే చదివి వినిపించుడి.

సంఘపెద్దలారా, ఆదివారమున తల్లులను పేరుపెట్టి ముందుకు పిలువుడి. కానుక తేలేదని ఎవరును చాపమీద మిగిలిపోకూడదు.

ప్రార్థన

హన్నా కన్నీటిని చూచిన దేవా, మా ఇండ్లలోని తల్లులను జ్ఞాపకము చేసికొనుము. వారి చేతిపనిని ఆశీర్వదించుము. డంబము నుండియు, అప్పునుండియు మా పండుగలను కాపాడుము. ఒడి నిండని చెల్లెండ్రను ఓదార్చుము. దూరముగానున్న మా బిడ్డలను నీ మందిరములోని సమూయేలువలె పెంచుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.