మనస్సును మరియొకనికి అప్పగింపవచ్చునా?



హిప్నాటిజమను మాట వినగానే మన పల్లెలలో అనేకులు అది చిల్లంగియో వశీకరణమో అని భయపడుదురు. దీర్ఘకాలపు నొప్పిగలవారు, బీడీ మానలేనివారు ఈ చికిత్సకు పోవచ్చునా అని విశ్వాసులు అడుగుచున్నారు. మనస్సు దేవుడు మనకిచ్చిన సొత్తు గనుక ఇది విచారింపదగిన ప్రశ్నయే.

ముందుగా నిజము తెలిసికొందము. 1843లో ఇంగ్లండునందలి మాంచెస్టరులో జేమ్స్ బ్రెయిడ్ అను వైద్యుడు, దీనిలో మాయశక్తి యేదియు లేదనియు, రోగి దృష్టియు మనస్సును ఒక్కదానిపై నిలుచుటయే కారణమనియు వ్రాసెను. 1845లో మన దేశమందే, బెంగాలులోని హుగ్లీలో, జేమ్స్ ఎస్డెయిల్ అను డాక్టరు రోగులను ఇట్టి స్థితిలో ఉంచి ఆపరేషనులు చేసెను. మత్తుమందులు అప్పటికింకను వాడుకలోనికి రాలేదు. 1955లో బ్రిటిషు వైద్య సంఘము దీనిని కొన్ని బాధలకు తగిన చికిత్సగా అంగీకరించెను.

డాక్టరు మెల్లగా మాటలాడును. రోగి శరీరము సడలి, తలంపు ఒకచోట నిలుచును. అది నిద్ర కాదు, స్మృతి తప్పుటయు కాదు. ఇష్టములేనివాడు లేచి పోగలడు. నొప్పి, ప్రేగుల బాధ, ఆపరేషనుకు ముందు కలుగు దిగులు, వీటిలో కొందరికి మేలు కలుగుచున్నది. పొగ త్రాగుట మాన్పించుటలో మాత్రము ఇది తక్కిన మార్గములకంటె మేలైనదని రుజువు కాలేదు.

అపాయమును కలదు. ఆ స్థితిలో జరుగని సంగతియు జరిగినట్లే జ్ఞాపకమునకు రావచ్చును. కాబట్టి మరచిన సంగతులు పలికించెదను, నీకు కీడు చేసినవాని పేరు చెప్పించెదను అనువాని గడప త్రొక్కకుడి. ఒక్క తప్పుడు జ్ఞాపకము రెండు కుటుంబములను పగవారినిగా చేయగలదు. పట్టాగల డాక్టరు యొద్దకే పోవుడి. క్షయకు, మధుమేహమునకు వాడు మందులు మానకుడి.

బేతెస్ద కోనేటియొద్ద 38 ఏండ్లు వ్యాధితో పడియున్నవానిని స్వస్థపరచుటకు ముందు ప్రభువు వాని కోరికను అడిగెను. సర్వాధికారముగల ఆయనయే మనుష్యుని ఇష్టమును త్రోసివేయలేదు. మనకు కొలబద్ద ఇదే. నీ సమ్మతి నడిగి, నీ మనస్సును బలపరచి నీకే తిరిగి అప్పగించునది సహాయము. నీ ఇష్టమును తన గుప్పిట పెట్టుకొనునది దొంగతనము.

అయినను నొప్పి తగ్గుట వేరు, మారుమనస్సు వేరు. బీడీ మానినవాడు ఆ డబ్బుతో అప్పు తీర్చునో, జూదమాడునో ఏ చికిత్సయు నిర్ణయింపజాలదు. ఆ నిర్ణయము ప్రతి ఉదయమున మనమే, కన్నులు తెరచి, ప్రభువు ఎదుట చేసికొనవలెను.