బెంగకు గడి లేని రిజిస్టరు

తల్లి కనిపించని పసిబిడ్డ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు ఏడుపు మానేసి, అన్నం ముట్టకుండా, ఎవరు పిలిచినా తల తిప్పకుండా కూర్చుంటే మన ఊళ్ళలో ‘బెంగ పెట్టుకుంది’ అంటారు. బెంగతో బిడ్డ చిక్కిపోతుందనీ, జ్వరం కూడా వస్తుందనీ, అది తీరాలంటే మందుకన్నా ముందు మనిషి కావాలనీ మన అవ్వలకు తెలుసు. జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం తల్లి సంరక్షణ గురించీ పిల్లల మానసిక ఆరోగ్యం గురించీ నివేదిక రాసింది 1951లో. శిశు మానసిక ఆరోగ్యం ఒక శాస్త్రంగా, ఒక వృత్తిగా స్థిరపడింది ఆ తర్వాతే. ఆ శాస్త్రం చూసిన దాంట్లో కొంతకు మన భాషలో పేరు ముందునుంచే ఉంది. ఆ పేరు పెట్టినవాళ్ళకు మాత్రం ఏ వృత్తీ లేదు.

ఈ మాట ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. పసిపిల్లల ఎదుగుదల, మానసిక స్థితి, లోపాలను తొందరగా గుర్తించి చేయవలసిన సాయం - ఇవన్నీ ఈ పదిపన్నెండేళ్ళలో ప్రభుత్వ పత్రాల్లోకి గట్టిగానే వచ్చాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాలతో పాటు ఎదుగుదలలో జాప్యాన్ని కూడా పరీక్షించాలంది. జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఉండాలంది. 2023 మేలో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ వచ్చింది. 2024లో పుట్టినప్పటినుంచి మూడేళ్ళ దాకా పిల్లల కోసం ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళ కోసం ‘ఆధారశిల’ అనే పాఠ్య ప్రణాళికలు వచ్చాయి. బిడ్డతో మాట్లాడాలి, ఆడాలి, బిడ్డ పిలుపుకు స్పందించాలి అని తల్లులకు ఇంటింటికీ వెళ్ళి నేర్పాలంటున్నాయవి. మంచి మాటలే. ఈ మంచి మాటలన్నీ చివరికి వచ్చి వాలేది ఒకే ఒక స్త్రీ భుజాల మీద. ఆమె అంగన్‌వాడీ కార్యకర్త.

ఆమెకు శిక్షణ ఇవ్వాలని అందరూ అంటున్నారు. నా ప్రశ్న దానికి కాస్త ముందుది. ఒక మనిషి నుంచి శ్రద్ధను, లాలనను, ఓపికను అడిగినప్పుడు, అడిగినవాళ్ళు ఆమెకు ఏం బాకీ పడతారు?

ఈ ప్రశ్నను గాలిలో వదిలేయకుండా ఒక చోట నిలబడి ఆలోచించాలని నాకనిపించింది. ఓబులదేవరచెరువు మండలం 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. ‘ఓ.డి. చెరువు’ అంటేనే చుట్టుపక్కల వాళ్ళకు తెలుస్తుంది. వాన మీద ఆధారపడి వేసే శెనక్కాయ పంట. వాన మొహం చాటేస్తే బెంగుళూరుకు బేల్దారి పనికి పోవడం. కట్టే మేడ దగ్గర ఇసుక కుప్ప మీద బిడ్డను పడుకోబెట్టుకునే తల్లులు కొందరు. పల్లెలో అవ్వ దగ్గర వదిలిపోయే తల్లులు కొందరు. కాబట్టి అక్కడి అంగన్‌వాడీ కార్యకర్తకు బెంగ అంటే పుస్తకంలో అధ్యాయం కాదు, రోజూ పొద్దున గడప దాటి లోపలికి వచ్చే సంగతి.

ఆ మండలంలోని ఒక పల్లెలో ఒక కార్యకర్త నాకు చెప్పిన సంగతి ఇది. తల్లీ తండ్రీ బెంగుళూరు పోయాక రెండేళ్ళ పిల్ల ఒకతె తిండి మానేసింది. తూకం పడిపోయింది. “బరువు తగ్గితే రాసేదానికి గడి ఉంది మేడం, ఎందుకు తగ్గిందో రాసేదానికి లేదు” అందామె. మరేం చేశావమ్మా అంటే, “ఏం చేస్తా, ఒళ్ళో కూర్చోబెట్టుకోనే రిజిస్టర్లు రాస్తా ఉంటి. పది దినాలకు నా కొంగు పట్టుకోని తిరగబట్టింది. అప్పుడు అన్నం తినింది” అంది. అదేదో పెద్ద పని అని ఆమె అనుకోవడం లేదు. అనుకోవడానికి ఆమెకు ఎవరూ అవకాశం ఇవ్వలేదు.

ఆమె చేసింది ఏమిటో చూద్దాం. తిండి మానడానికి కారణం కడుపులో లేదని గుర్తించింది. బుజ్జగించి తినిపించాలని తొందరపడలేదు. రోజూ ఒకే చోట, ఒకే ఒడిలో బిడ్డకు స్థానం ఇచ్చింది. బిడ్డ తనంతట తాను కొంగు పట్టుకునేదాకా ఎదురు చూసింది. ఇందులో పరిశీలన ఉంది, నిర్ణయం ఉంది, సంయమనం ఉంది. ఇదే పనిని పట్టా ఉన్నవాళ్ళు ఒక గదిలో చేస్తే దానికి పేరుంటుంది, రుసుముంటుంది. 1992 చట్టం ప్రకారం ఏర్పడిన పునరావాస మండలి తన జాబితాలో నమోదైన నిపుణులను గుర్తిస్తుంది. సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ లాంటివి అలాంటి నిపుణులను తయారు చేశాయి. ఆ నైపుణ్యాన్ని తక్కువ చేయను. మూగగా కూర్చున్న బిడ్డకు బెంగో, చెవుడో, ఆటిజమో తేల్చి చెప్పేవాళ్ళు కావాలి. ఆ తేడా ఒడి ఒక్కటే తేల్చలేదు. కానీ జాబితాలో ఉన్నవాళ్ళు జిల్లా కేంద్రంలో ఉంటారు. బిడ్డ పల్లెలో ఉంటుంది. మధ్య ఉన్న దూరం అవ్వకు ఒక రోజు కూలి.

పల్లెలో ఉన్న ఆమెకు ఇచ్చేదాన్ని ‘గౌరవ వేతనం’ అంటారు. సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక ఈ మాట దగ్గర ఆగకుండా ఉండలేను. జీతం తక్కువైన చోట గౌరవం అనే విశేషణం వచ్చి ఖాళీని పూడుస్తుంది. స్త్రీలు ఇంట్లో చేసే పనికి ‘త్యాగం’ అని పేరు పెట్టినట్టే ఇదీ. లాలించడం ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిందే అనుకుంటే, దానికి శిక్షణ మూడు రోజులు చాలు, కూలి నామమాత్రం చాలు. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలవి ప్రభుత్వ ఉద్యోగాలు కావని చెప్పింది. 2022 ఏప్రిల్‌లో మణిబెన్ కేసులో అదే కోర్టు, వాళ్ళకొచ్చే గౌరవ వేతనం గ్రాట్యుటీ చట్టం అర్థంలో వేతనమే అంది. ఒక మాటలోంచి విశేషణం ఊడిపడడానికి పదహారేళ్ళు పట్టింది.

ఇక్కడ 1975 సంవత్సరాన్ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడు అక్టోబరు 2న మన దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 ప్రాజెక్టులతో మొదలైంది. అదే ఏడు అమెరికాలో సెల్మా ఫ్రైబర్గ్, మరో ఇద్దరు స్త్రీలు ఎడ్నా అడెల్సన్, వివియన్ షపీరోలతో కలిసి, పసిపిల్లల గదిలోకి వచ్చే దయ్యాల గురించి ఒక వ్యాసం ప్రచురించింది. దయ్యాలంటే తల్లిదండ్రుల బాల్యంలోంచి లేచి వచ్చే గాయాలు. ఫ్రైబర్గ్ సామాజిక కార్యకర్తగా శిక్షణ పొందిన మనిషి. పేద తల్లుల ఇళ్ళకే వెళ్ళి, వాళ్ళ మధ్య కూర్చుని పని చేసే పద్ధతిని ఆమె బృందం తయారు చేసింది. బిడ్డ ఏడుపు వినిపించని తల్లిని ఆమె నిందించలేదు. ఈ తల్లి ఏడుపును ఎప్పుడైనా ఎవరైనా విన్నారా అని అడిగింది. విన్న తర్వాత తల్లికి బిడ్డ ఏడుపు వినిపిస్తుందని చూపించింది.

ఈ ఆలోచన నుంచే ఆ రంగంలో శిక్షణకు ఒక నియమం ఏర్పడింది. ఇళ్ళకు వెళ్ళే కార్యకర్త క్రమం తప్పకుండా తనకన్నా అనుభవం ఉన్న ఒకరితో కూర్చుని, ఏ ఇంట్లో ఏం చూసింది, చూసినప్పుడు తనకేమైంది చెప్పుకోవాలి. అది తనిఖీ కాదు. అక్కడ మార్కులుండవు. ఆ రంగంలో నాయకత్వం అంటే ముఖ్యంగా ఇలా వినగలగడమే.

మన దగ్గర శిక్షణ నీళ్ళు పైనుంచి కిందికి పారినట్టు పారుతుంది. పైవాళ్ళు మాస్టర్ ట్రైనర్లకు చెబుతారు, వాళ్ళు కార్యకర్తలకు మూడు రోజుల్లో చెబుతారు, కార్యకర్తలు తల్లులకు చెబుతారు. కింద చూసింది పైకి వెళ్ళే దారి లేదు. ఒక సూపర్‌వైజర్ కింద ఇరవై, ఇరవై ఐదు కేంద్రాలుంటే ఆమెకు రిజిస్టరు చూసే తీరికే చాలదు, ముఖం చూసే తీరిక ఎక్కడిది? 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువ చదివినవాళ్ళకు ఏడాది డిప్లొమా అంది. బోధన టీవీ ద్వారా, స్మార్ట్‌ఫోన్ ద్వారా. నెలకొకసారి ముఖాముఖి తరగతి ఉంటుంది, అదీ నిరంతర మూల్యాంకనం కోసం. బిడ్డ కళ్ళలోకి చూసి మాట్లాడమని తల్లికి నేర్పవలసిన మనిషికి మనం ఆ సంగతి ఫోను తెర మీద నేర్పుతాం. ఆమె ఎదుటికి వచ్చి కూర్చునేది పరీక్షించడానికి.

అయితే ఫ్రైబర్గ్ దారిలో నడిస్తే అంతా సర్దుకుంటుందా? నాకు ఒక చోట ముల్లు గుచ్చుకుంటుంది. బిడ్డ బాగుండాలంటే తల్లి బాగుండాలి, తల్లి బాగుండాలంటే కార్యకర్త బాగుండాలి - ఈ వరుసలో ప్రతి స్త్రీ పైనున్నవాళ్ళకు మెట్టే. తన కోసం తాను బాగుండవలసినదిగా ఏ ఒక్క స్త్రీ కనబడదు. పసితనంలో పెట్టిన ప్రతి రూపాయీ రేపు లాభం తెస్తుందని ఆర్థికవేత్తలు లెక్కలు వేస్తున్నారు. ఆ లెక్కలో బిడ్డ కూడా మెట్టే అవుతుంది. మనిషిని సాధనంగా మాత్రమే చూడకూడదని కాంట్ చెప్పిన సూత్రం తరగతిలో చెప్పుకుంటాం. అంగన్‌వాడీ గడప దగ్గర అది ఎందుకు ఆగిపోతుంది? బౌల్బీ సిద్ధాంతాన్ని యుద్ధం తర్వాత స్త్రీలను పనుల్లోంచి ఇంటికి పంపడానికి వాడుకున్నారని స్త్రీవాదులు విమర్శించింది ఈ కారణంగానే. నవచేతన పాఠం బెంగుళూరు పోయిన తల్లికి ఒక కొత్త నేరంగా చేరకూడదు.

కొందరు మిత్రులు ఇంకో మాటంటారు. బెంగకు కారణం వలస, వలసకు కారణం కరువు, కూలి. పేదరికాన్ని మనోవిజ్ఞానంగా మార్చడం మోసం అంటారు. ఇందులో సగం నిజముంది. బెంగుళూరు బస్సును చూడకుండా బిడ్డ మొహాన్ని మాత్రమే చూడమనే శిక్షణ సగం శిక్షణే. మిగతా సగం మాటేమిటంటే, రెండేళ్ళ పిల్ల వలస ఆగేదాకా ఆగలేదు. ఆమెకు ఈ పూట ఒడి కావాలి.

స్త్రీకి ఇచ్చే శిక్షణ ఆమె కోసమే కాగలదని చూపిన చరిత్ర మనకు దూరంగా లేదు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేయబడిన దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారు చేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలై, 1958లో అదే అనుభవాన్ని వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులుగా దేశమంతా తెచ్చింది. వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్ళు రెండేళ్ళు చదివి పరీక్ష ప్యాసై టీచర్లు, నర్సులు, బాలసేవికలు కావచ్చు. ఆ కోర్సుకు సంక్షేమ భాషే ఉంది, అందులో మనం తర్వాత తప్పుపట్టిన ‘సేవ’ కూడా ఉంది. కానీ సర్టిఫికెట్ ఆ స్త్రీ చేతిలో ఉంటుంది. బాలవాడీ వద్దనుకుంటే అది పట్టుకుని ఇంకో తలుపు తట్టగలదు. మూడు రోజుల శిక్షణ అలాంటి తలుపు ఏదీ తెరవదు.

నాయకత్వం మాటకొస్తే, దాన్ని మనం వెతకవలసిన పని లేదు. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. కనీస వేతనం 26,000, గ్రాట్యుటీ అడిగారు. తాళాలు పగలగొట్టి కేంద్రాలు తెరిపించారు. 2024 జనవరి 6న వాళ్ళ పనిని ఎస్మా కింద అత్యవసర సేవగా ప్రకటించి సమ్మెను నిషేధించారు. ఆమె పని చేస్తున్నప్పుడు స్వచ్ఛంద సేవ, ఆపినప్పుడు అత్యవసర సేవ! అయినా 42 రోజులు నిలబడ్డారు. పసిపిల్లలను వదిలి రోడ్డెక్కారని తిట్టినవాళ్ళు, ఆ పిల్లల్లో ఎంతమంది తల్లులు ఇంకో ఊళ్ళో ఇటుకలు మోస్తున్నారో అడగలేదు. పిల్లలను చూసుకునే మనిషి తనను తాను చూసుకోవడం పిల్లలకు ద్రోహమని ఏ న్యాయం చెబుతుంది? చదువు తక్కువని మనం ఫోను పాఠాలు పంపిన ఈ స్త్రీలే తమ పని విలువను రాష్ట్రమంతటితో మాట్లాడించారు. శిక్షణ మాడ్యూళ్ళలో ‘నాయకత్వ లక్షణాలు’ అనే అధ్యాయం రాసేవాళ్ళు ఆ 42 రోజులను ముందు చదవాలి.

అయితే బెంగకు రిజిస్టరులో ఒక గడి గీస్తే సరిపోతుందా? నాకు భయమే. ఆ గడి రేపు యాప్‌లో ఇంకో ఖానా అవుతుంది, నింపకపోతే మెమో వస్తుంది, నింపితే అవ్వకు చీవాట్లు పడతాయి. బెంగ లెక్కకు వస్తుంది, బిడ్డ ఒడిలోకి రాదు. నేను అడిగేది ఇంతకన్నా చిన్నది, ఇంతకన్నా ఖరీదైనది. నెలకొక పూట పక్కపక్క ఊళ్ళ కార్యకర్తలు నలుగురు ఫోన్లు పక్కన పెట్టి కూర్చోవాలి. ఆ నెల తమను నిద్రపోనివ్వని బిడ్డ గురించి, తల్లి గురించి, తమ గురించి చెప్పుకోవాలి. వినే మనిషి ఒకరుండాలి, ఆమె కూడా ఒకప్పుడు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని రిజిస్టర్లు రాసినదై ఉండాలి. ఆ పూట పనిగంటల్లో లెక్కకు రావాలి, దానికి జీతం కట్టాలి. అక్కడ చెప్పుకున్నది బిడ్డకు ఉపయోగపడితే మంచిదే. ఉపయోగపడకపోయినా ఆ పూట ఆమెకు రావలసిందే. మనం పడిన బాకీ అది.