ఎవరిని ఆగమందాం?

విజయపురి సౌత్ లాంచీ స్టేషన్ దగ్గర వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఫోన్ మోగింది. తడి చేయి లుంగీకి తుడుచుకుని ఎత్తాడు. ‘హలో... హలో... ఎవరండీ?’ అవతల ఉలుకూ పలుకూ లేదు. రెండు క్షణాల్లో కట్ అయింది. పట్నంలో ఉన్న కొడుకేమో, ఏమైందోనని ఆయన ముఖం వాడిపోయింది.

ఆ మౌనం ఆకతాయి పని కాకపోవచ్చు. ఎక్కడో కాల్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ అమర్చిన రోజున ఎవరో ఎంచుకున్న మోడ్ ఫలితం కావచ్చు. ప్రివ్యూ మోడ్‌లో ఏజెంటు అవతలి మనిషి వివరాలు చూసుకున్నాకే డయల్ నొక్కుతాడు. ప్రోగ్రెసివ్‌లో ఏజెంటు ఖాళీ అయ్యాకే యంత్రం నంబరు కలుపుతుంది. ప్రెడిక్టివ్‌లో ఏజెంటు ఇంకా మాట్లాడుతుండగానే యంత్రం అంచనా కట్టి ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఫోన్ కొడుతుంది. అంచనా తప్పి అందరూ ఎత్తారా, ఒకరికి మనిషి దొరుకుతాడు, మిగిలినవాళ్లకు మౌనం దక్కుతుంది. విసిడయల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఎంత శాతం కాల్స్ ఇలా వదిలేయవచ్చో ముందే రాసిపెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చాలా ఏళ్లు 3 శాతం హద్దు పెట్టింది.

నూటికి ముగ్గురే కదా అంటే, ఆ ముగ్గురూ ఎవరు?

ఆ లాంచీ స్టేషన్‌కు దగ్గర్లోనే అనుపులో ఇక్ష్వాకుల నాటి రంగస్థలం ఉంది. నాగార్జునసాగర్ నీళ్లు లోయను ముంచకముందే తవ్వి తీసి, తెచ్చి మళ్లీ కట్టారు. నాలుగు వైపులా మెట్లు. నడుమ పలికిన మాట చివరి మెట్టు దాకా అందాలన్న పట్టుదల ఆ కట్టడంలో కనిపిస్తుంది. చివర కూర్చున్నవాడిని శాతం లెక్కలో వదిలేయలేదు.

కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ప్రకటించిన సూత్రాలు ఒక సంగతి తేల్చాయి: ఫోన్లు మనం చెప్పిన వేళకు రావు కనుక, పనివాడు కాసేపు ఖాళీగా ఉండాలి, లేదా ఫోన్ చేసినవాడు ఆగాలి. ఎవరు ఆగాలో మాత్రం గణితం చెప్పదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అత్యవసర సేవను చూడండి. అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ల ఖాళీ సమయం వృథా కాదు, ప్రమాదంలో ఉన్నవాడి కోసం దాచిన సమయం. అదే ఖాళీ, అమ్మకాల కాల్ సెంటర్‌లో నష్టం పద్దులోకి ఎందుకు వెళ్తోంది?

హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లల సంగతీ ఉంది. మాచర్ల, గురజాల నుంచి పట్నం చేరిన అమ్మాయికి ప్రెడిక్టివ్ మోడ్‌లో రింగు కూడా వినపడదు. చెవిలో ఒక బీప్, వెంటనే కొత్త గొంతు. ఇప్పుడే ఎవరో బూతులు తిట్టి పెట్టేశారు. కళ్లు తుడుచుకునే వ్యవధి ఉందా లేదా అన్నది సెట్టింగ్స్‌లో ర్యాప్‌అప్ టైమ్ అనే చిన్న గడి తేలుస్తుంది. అక్కడ సున్నాకు దగ్గరి అంకె వేసేవాళ్లున్నారు. అది సమర్థత అంటే నేను ఒప్పుకోను.

కాల్ సెంటర్ పెట్టేవాళ్లను అడిగేది ఇంతే. ప్రెడిక్టివ్ వదిలి ప్రివ్యూనో ప్రోగ్రెసివో పెట్టండి. ప్రతి కాల్ తర్వాత ఏజెంటుకు అర నిమిషమైనా ఇవ్వండి. రోజుకు నాలుగు ఫోన్లు తగ్గితే తగ్గనివ్వండి.