సగం నిజం చెబితే సరిపోతుందా?

చెప్పిన మాట అబద్ధం కాకపోతే చాలు, అది నిజాయితీ అవుతుందా? పిల్లలు పాలల్లో కలుపుకుని తినే చాక్లెట్ సీరియల్ పొట్లాన్ని చూస్తే మనకు ఈ ప్రశ్న వస్తుంది. పెద్ద ఊళ్ల దుకాణాల్లో ఉండే ఈ తిండి పది రూపాయల పొట్లాల్లో మన పల్లెలకూ వస్తోంది.

పొట్లం ముందువైపు ఐరన్, విటమిన్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది అబద్ధం కాదు. తయారుచేసేటప్పుడు వాటిని కలుపుతారు. వెనకవైపు చిన్న అక్షరాల పట్టిక చూడాలి. కొన్ని రకాల్లో 100 గ్రాములకు 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. అంటే 30 గ్రాములు తిన్న బిడ్డ కడుపులోకి రెండు చెంచాల చక్కెర పోతుంది. రోజంతా తిన్న తిండి ఇచ్చే శక్తిలో ఇలా కలిపిన చక్కెర వాటా పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

కూలి డబ్బులతో బిడ్డకు బలం కొంటున్నానని తల్లి అనుకుంటుంది. ఆమెతో ఎవరూ అబద్ధమాడలేదు. కానీ ఆమెకు తెలియాల్సింది ఆమె చదవలేని చోట రాశారు. తెలిసి చేసిన ఈ పని మోసానికి దూరమేమీ కాదని మేము అనుకుంటాం. పైగా ఆ బొమ్మల పొట్లం చూసిన బిడ్డకు ఇంట్లోని చోడి అంబలి పేదల తిండిలా కనిపిస్తుంది.

అలాగని అంబలి గురించి మనమూ సగమే చెబితే మనకూ ఆ వ్యాపారికీ తేడా ఏముంది? 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. ఇది మనం గర్వంగా చెప్పాలి. చోళ్లలోని ఐరన్ అంతా ఒంటికి పట్టదనీ, పిండి పులియబెడితే కొంత మెరుగనీ కూడా చెప్పాలి. పప్పు, ఆకుకూర, ఉసిరి తోడు లేకుండా అంబలి ఒక్కటే చాలదు. 2023 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఇచ్చిన రాగిజావలోని బెల్లం కూడా తీపే. దాన్నీ కొలిచే వేయాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఒక ఖాళీ పొట్లం తరగతికి తీసుకెళ్లండి. వెనకవైపు పట్టిక పిల్లలచేతే చదివించి, అంత చక్కెరను చెంచాతో కొలిపించండి. చోళ్ల లెక్క కూడా పక్కనే బల్లమీద రాయండి. ఏది తినాలో ఇంటికెళ్లి వాళ్లే అమ్మానాన్నలకు చెబుతారు.