అమ్మ జబ్బ మీది మచ్చలు

అమ్మకు ఎనభై దాటాయి. కిందటేడు జ్వరంతో మంచాన పడ్డప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే ఎడమ జబ్బ మీద మశూచి టీకా మచ్చలు కనిపించాయి. రెండూ పాత పావలా బిళ్లంత ఉన్నాయి. అంచులు ముడుచుకుపోయి, మధ్యలో చర్మం నున్నగా మెరుస్తోంది. పక్కనే నిలబడ్డ నా మనవరాలు తన జబ్బ మీదున్న మిరియపు గింజంత బీసీజీ మచ్చ చూపించి, "నాకు ఒకటే ఉంది, నీకు రెండెందుకు తాతమ్మా?" అంది. అమ్మ కళ్లు తెరవకుండానే, "నీకు ఇవి అక్కర్లేకపోయాయమ్మా" అంది.

నలభై ఏళ్లుగా రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నావని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ నాకే నచ్చే జవాబు దొరకలేదు. ఆ పూట దొరికింది.

అమ్మకు ఒక అక్క ఉండేదట. ఫొటో కూడా లేదు. "అమ్మవారు పోసి పోయింది" అన్న మాటే మిగిలింది. ఆ రోజుల్లో జబ్బు పేరెత్తడానికే జంకేవారు. గుమ్మానికి వేపమండలు కట్టి, తల్లి చల్లబడాలని మొక్కుకునేవారు. ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే మశూచి 30 కోట్ల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. అలాంటి జబ్బును మనుషులే తరిమేశారు. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదాని మీద ఒకటి అణ్వస్త్రాలు గురిపెట్టుకున్న కాలంలోనే, ఈ ఒక్క పనికి చేతులు కలిపాయి. మన దేశంలో ఆరోగ్య కార్యకర్తలు ఒళ్లంతా పొక్కులు లేచిన పసిబిడ్డ బొమ్మ చేతబట్టుకుని, "ఇలాంటి బిడ్డ ఎక్కడైనా ఉందా?" అని గడప గడపా తిరిగారు. ఆచూకీ చెప్పినవారికి ఇచ్చే బహుమతి చివరికి వెయ్యి రూపాయల దాకా వెళ్లింది. 1975 మే నెలతో ఇక్కడ మశూచి ఆగింది. 1977 అక్టోబరులో సోమాలియాలో అలీ మావ్ మాలిన్ అనే ఆస్పత్రి వంటమనిషికి సోకింది. సహజంగా ఆ జబ్బు సోకినవాళ్లలో ప్రపంచం మొత్తానికి అతనే ఆఖరివాడు. అతను బతికాడు. సూది నొప్పికి భయపడి తాను టీకా తప్పించుకున్న సంగతి తల్లిదండ్రులకు చెబుతూ, తర్వాత పోలియో చుక్కల కోసం పనిచేశాడు. ఇతని పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఆ మరుసటి నెలే, నవంబరు 19న, మా దివిసీమను ఉప్పెన ముంచేసింది. మా ఊరు కాస్త ఎగువన ఉండబట్టి మేం దక్కాం. తుమ్మకొమ్మలకు చీరలు చిక్కుకుని వేలాడటం చూశాను, ఇప్పటికీ కళ్లలోంచి పోదు. వేలమంది పోయారు. వాళ్ల గురించి రాశాం, స్తూపాలు కట్టాం. అది మన బాధ్యత. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఒడిశా, ఆంధ్ర తీరాల్లో దాదాపు పది లక్షల మందిని ముందుగానే తరలించారు. చనిపోయినవారి లెక్క పదుల్లోనే ఆగింది. ఆ రాత్రి తుపాను షెల్టర్‌లో బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని, మర్నాడు ఇంటికి నడిచి వెళ్లిన తల్లి మీద మనం కథ రాయలేదు. నేనూ రాయలేదు. ఏమీ జరగలేదు కదా, ఏం రాస్తాం అనుకున్నాం.

అక్కడే పొరపాటు చేశామని ఇప్పుడు అనిపిస్తోంది. ఏటేటా పెరిగే ఎండలు, ఆగని యుద్ధాలు, మనిషిలా మాట్లాడే యంత్రాలు... నా మనవరాలికి నా వయసు వచ్చేనాటికి లోకం ఎలా ఉంటుందో తలుచుకుంటే నాకూ నిద్ర పట్టదు. అంతా మంచే జరుగుతుందని ఆ పిల్లకు మాటివ్వలేను. మశూచి వైరస్ కూడా పూర్తిగా పోలేదు. అట్లాంటాలో, రష్యాలోని కోల్త్సొవోలో, రెండు ప్రయోగశాలల్లో గడ్డకట్టిన స్థితిలో ఇంకా ఉంది. దాన్ని బయటికి రానివ్వకుండా కాపాడాల్సిందీ మనుషులే. అయితే మునుపు మనుషులు ఏం ఆపగలిగారో తెలియని పిల్లలు, రేపు దేన్నయినా ఆపడానికి ఎలా పూనుకుంటారు? వాళ్లకు అది చెప్పడానికే రాస్తున్నాను. నాకున్న ఆశంతా దానిమీదే.

మీ ఇంట్లో 1970కి ముందు పుట్టినవాళ్లుంటే, ఈ ఆదివారం వాళ్ల జబ్బలు చూడండి. ఆ మచ్చ ఎప్పుడు పడిందో, ఎవరు వేశారో, ఎంత ఏడ్చారో అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి.