ధర్మవ్యాధుడు ఆ పని ఎంచుకున్నాడా?

"గురువుగారూ, ఎంసెట్ ర్యాంకు చూసి నాన్నగారు కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించారు. ఇప్పుడు ఉద్యోగం కూడా అదే. ఇది నా స్వధర్మమేనా?" అని చాలామంది అడుగుతుంటారు.

నాకైతే మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు గుర్తొస్తాడు. మిథిలలో మాంసం అమ్ముకునే మనిషి. వేదాలు చదివిన కౌశికుడు ధర్మం తెలుసుకోవడానికి వెతుక్కుంటూ వెళ్లింది ఎక్కడికనుకున్నారు? ఆయన మాంసం కొట్టుకే! ఇంత తెలిసినవాడివి, నీకీ పనేమిటయ్యా అంటే, తాతతండ్రుల నుంచి వచ్చిందన్నాడు. అంటే తను కోరి ఎంచుకున్నది కాదు. కానీ చూడండి, తన చేత్తో జంతువును చంపడు. మాంసం ముట్టడు. ఇంటికెళ్తే ముసలి అమ్మానాన్నల సేవే. పని ఎలా చేయాలన్నది మాత్రం పూర్తిగా తన నిర్ణయమే.

అలాగని నచ్చని ఉద్యోగంలోనే పడి ఉండమని నేను అనను. కౌశికుడు ఇల్లు వదిలింది తనకిష్టమైన వేదాధ్యయనం కోసమే కదా. వ్యాధుడు తప్పుపట్టింది ఆ చదువును కాదు, అమ్మానాన్నల్ని అడక్కుండా వచ్చేయడాన్ని. నీ మీద బెంగతో వాళ్లకు చూపు పోయింది, వెళ్లి చూసుకో అన్నాడు.

ఉద్యోగం మానేయాలనుందని నాకు మెసేజ్ పెడుతున్నారు సరే, నాన్నగారికి చెప్పారా?